కేస్లీకి తొంభై నాలుగు మార్కులు

బడి రోజు 148

ఈ నోటు పుస్తకం మా నాయనమ్మది. పెట్టె అడుగున దొరికింది. సగం పేజీల్లో ఆవిడ పడవల పేర్లు రాసుకుంది. మిగతా సగం ఖాళీగా ఉంటే తీసుకున్నాను.

కాగితం మీద రాయడానికి కారణం ఉంది. నిన్న బడి దినచర్యలో ఒక వాక్యం రాశాను: "రామావత్ కేస్లీ ఈ వారం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు." ఈ ఉదయం తెరిచి చూస్తే అక్కడ, "రామావత్ కేస్లీ ఈ వారమంతా ప్రశాంతంగా ఉంది" అని ఉంది. మా రాతల్లో తప్పులు దిద్దే పని బడి పలక చేస్తుంది. అక్షరదోషాలు సరిచేస్తుంది, వాక్యాలు చక్కబెడుతుంది. ఇన్నాళ్ళూ నేను అది చూసి సంతకం పెడుతూ వచ్చాను. ఎన్ని వాక్యాలు ఇలా మారాయో ఇప్పుడు కనుక్కునే దారి లేదు.

నా పేరు సుభాషిణి. మెట్టదివి బడిలో ఐదో తరగతి టీచర్ని. టీచర్నంటే పాఠం చెబుతానని కాదు, పాఠం పలక చెబుతుంది. ప్రతి పిల్లకీ ఒక పలక, చెవిలో కందిగింజంత గొంతు. ఆ గొంతును పిల్లలు 'జత' అంటారు. ఎవరికి ఏం రాదో, ఎవరికి ఎప్పుడు విసుగొస్తుందో జతకు తెలుసు. గోడ మీద బోర్డులో ఒక్కో పిల్ల పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. పిల్ల నేర్చుకుంటుంటే పచ్చగా, తడబడుతుంటే పసుపుగా వెలుగుతుంది. నేను ఆ చుక్కలు చూడాలి. పొద్దున్నే పిల్లలతో కలిసి మంచు పట్టడానికి కొండవాలున కట్టిన వలలు పిండి, నీళ్ళు తొట్టిలో పట్టాలి. ఎండ రేకుల మీద దుమ్ము తుడవాలి. ఎవరైనా ఏడిస్తే ఓదార్చాలి.

మా తరగతిలో ముప్ఫై ఒక్క చుక్కలు. రెండు నెలలుగా అన్నీ పచ్చగానే ఉన్నాయి. అదే నాకు నచ్చడం లేదు.

బడి రోజు 151

మూడు రోజులుగా దుమ్ము. ఎండ రాక రేకులు పనిచేయలేదు. ఈ ఉదయం పలకలన్నీ ఆరిపోయాయి. పిల్లలు చెవుల్లోంచి గింజలు తీసి అరచేతుల్లో పెట్టుకుని, వాటికి జ్వరం వచ్చినట్టు చూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని బయటికి తీసుకెళ్ళి రేకులు తుడవమన్నాను.

నీళ్ళ తొట్టి కొలత ముల్లు కూడా ఆగిపోయింది. ఇంకా ఎన్ని రోజులకు నీళ్ళున్నాయో తెలియాలి. తొట్టిలోకి తొంగి చూస్తే లోపలి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు కనిపించాయి, ఒకదాని కింద ఒకటి, వరసగా. ఎవరు గీశారని అడిగాను.  కేస్లీ తల దించుకుని తనేనంది. తిడతాననుకున్నట్టుంది.

కేస్లీ పైతండా పిల్ల. పదకొండేళ్ళు. తండా నుంచి మా తరగతికి వచ్చే ఏడుగురిలో ఒకతె. ఇంట్లో వాళ్ళ మాట వేరు, బడిలోనే తెలుగు. ఏడాది మొత్తంలో తను నాతో మాట్లాడిన మాటలు లెక్కపెట్టవచ్చు.

గీతలు దేనికని అడిగాను. బడి అయిపోయాక రోజూ నీళ్ళు ఎంత దిగాయో గుర్తు పెడుతున్నానంది. రోజుకు నాలుగు వేళ్ళు దిగుతాయట. రాత్రి మంచుకు ఒక వేలు ఎక్కుతుందట. ఇప్పుడు ఇరవై ఏడు వేళ్ళ నీళ్ళున్నాయి.

సరే, ఎన్ని రోజులకు వస్తాయో చెప్పండని అందరినీ అడిగాను. ఋత్విక్ మా పెద్ద మాస్టారి మనవడు, తరగతిలో చురుకైనవాడు. ఇరవై ఏడును నాలుగుతో భాగించి, ఆరు రోజుల ముప్పావు అన్నాడు. రాత్రి ఎక్కే వేలు మర్చిపోయాడు. ఇంకో పిల్ల అది కలుపుకొని తొమ్మిది రోజులంది. నేను చెంగుతో రేకు తుడుస్తూ ఉన్నాను. కేస్లీ వైపు చూడలేదు, తొందరపెట్టనూ లేదు. చాలాసేపటికి వెనక నుంచి తన గొంతు వినిపించింది.

"ఏడు రోజులే టీచర్. అడుగున ఆరు వేళ్ళు బురద. అది తాగలేం గదా."

నేను తుడవడం ఆపాను. ఇరవై ఒకటిని మూడుతో భాగిస్తే ఏడు. దాన్ని ఇసుకలో లెక్కగా వేసి చూపించమన్నాను. కేస్లీ ఇరవై ఒక్క చుక్కలు పెట్టి మూడేసి చొప్పున గుండ్రాలు చుట్టింది. భాగారం గుర్తు వేసి చూపిస్తే అదెప్పుడూ చూడలేదంది.

ఆ గుర్తు మూడో తరగతిలో వస్తుంది. గోడ బోర్డులో లెక్కల్లో కేస్లీకి తొంభై నాలుగు మార్కులు.

బడి రోజు 153

ఎండ వచ్చింది, పలకలు వెలిగాయి. పిల్లల పలకలు చూడకూడదని నియమం ఏమీ లేదు. బోర్డు ఉన్నాక పలక చూసే అలవాటు ఎవరికీ లేదు, అంతే. ఈ రోజు వెళ్ళి కేస్లీ పక్కన చాప మీద కూర్చున్నాను.

పన్నెండు మేకల్లో ఐదు కొండెక్కాయి, ఎన్ని మిగిలాయి? కేస్లీ ఏడు అని నొక్కింది. జత మెచ్చుకుంది. ఎనిమిది కుండల్లో మూడు పగిలాయి, ఎన్ని మిగిలాయి? మళ్ళీ సరైన జవాబే, మళ్ళీ మెప్పే. వెనక్కి జరిపి చూశాను. బడి తెరిచినప్పటి నుంచీ అవే మేకలు, అవే కుండలు. వందలో తొంభై నాలుగు సరైనవి కాక ఏమవుతాయి? తప్పిన ఆరూ విసుగుతో తప్పినవై ఉంటాయి.

ఋత్విక్ దగ్గరికి వెళ్ళాను. అతని పలక మీద రెండు గొట్టాల తొట్టి లెక్క ఉంది. రెండుసార్లు తప్పు చేశాడు. జత మూడోసారి ఇంకో దారి చూపించి, ఆలోచించుకోమని ఆగింది. అతనికి తొంభై ఒకటి. ఇద్దరి చుక్కలూ ఒకే పచ్చ.

మిగతా ఆరుగురు తండా పిల్లల పలకలు చూశాను. అన్నిటిలోనూ మేకలే.

మధ్యాహ్నం అన్నం దగ్గర, విసుగనిపించడం లేదా అని కేస్లీని అడిగాను. తను జొన్న రొట్టె తుంచుతూ, జత తననెప్పుడూ తిట్టదంది. అన్నీ తనకొచ్చినవే అడుగుతుందట. అది తనకిష్టమట.

ఇది పలకలు తమంతట తాము చేసే పని కాదు. ఎవరో కావాలని చేశారు.

బడి రోజు 154

పెద్ద మాస్టారు ధర్మతేజ గారితో మాట్లాడాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఈ కొండ మీద మొదటి బడి రేకుల పాకలో మొదలైనప్పటి నుంచీ ఉన్నారు. నేను చెప్పిందంతా విని, పలకలు రాకముందు తండా పిల్లలు ఎంతమంది ఐదో తరగతి దాకా ఉండేవారో గుర్తుందా అని అడిగారు. ఇద్దరో ముగ్గురో ఉండేవారన్నాను.

"ఇప్పుడు ఏడుగురూ ఉన్నారు. ఏడవడం లేదు, పారిపోవడం లేదు. ఇంకేం కావాలమ్మా?"

ఆయన మాట కొట్టిపారేయదగ్గది కాదు. జవాబు వెతుక్కుంటుంటే ఆయన బల్ల మీద విభజన జాబితా కనిపించింది. 190వ రోజున ఐదో తరగతి పిల్లలను విడదీస్తారు. కొందరు శిఖరం మీది పై బడికి, మిగతావాళ్ళు రేకుల పని నేర్చుకోవడానికి. పరీక్షలు పిల్లలను బాధపెడతాయని ఎప్పుడో తీసేశారు. పలక ఏ మెట్టు దాకా తీసుకెళ్ళిందో అదే చూస్తారు. జాబితాలో మొదటి పేరు ఋత్విక్. రేకుల పని కింద ఏడుగురు తండా పిల్లల పేర్లూ వరసగా ఉన్నాయి.

ఆయన నా చూపు గమనించి కాగితం తిప్పేశారు. మనవడి పేరు మొదట ఉండటం నేను చూసినందుకు సిగ్గుపడ్డారో, ఇంకేదైనా దాచారో తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నాను. ఆయన మీద అనుమానం రావడం ఇదే మొదటిసారి. ఆ అనుమానం ఇంటి దాకా నా వెంట వచ్చింది.

బడి రోజు 160

పలకల మరమ్మతుకు నెలకోసారి తాడు బండిలో రుఖ్సానా వస్తుంది, వారం ఉండి వెళ్తుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పని తప్ప వేరే మాట మాట్లాడదు. పిల్లలు వలల దగ్గర ఉండగా తలుపు వేసి, ఏడుగురి పలకలనూ కిందికి దించి ఉంచిందెవరని అడిగాను. పెద్ద మాస్టారా అని కూడా అడిగేశాను.

ఆమె కేస్లీ పలకను తన పెట్టెకు తగిలించి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మాస్టారి దగ్గర మార్చే తాళమే లేదు టీచరమ్మా. దీనికి నేర్పింది మీరే."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. బడి తెరిచిన మొదటి ఇరవై రోజులూ పలకలు పాఠం చెప్పవు. టీచరే చెబుతుంది. వాటిని చూపు రోజులంటారు. అది నాకు తెలుసు. పిల్లలు పలకకు అలవాటు పడటానికని అనుకున్నాను. కాదు. ఆ ఇరవై రోజులూ పలకలు నన్ను చూస్తాయి. ఏ పిల్లను ఎలాంటి ప్రశ్న అడుగుతున్నానో, జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నానో, తప్పు చెబితే ఏమంటున్నానో చూసి, ఆ పిల్లకు అలాగే పాఠం తయారు చేసుకుంటాయి. టీచరుకు తన పిల్లల సంగతి తెలుసునన్నది పలకలను తయారుచేసినవాళ్ళ నమ్మకం.

ఆమె పట్టిక తీసి చూపించింది. ప్రశ్న అడిగాక ఋత్విక్ జవాబు కోసం నేను సగటున పదకొండు సెకన్లు ఆగాను. కేస్లీ కోసం రెండు సెకన్లు. తండా పిల్లలు ఏడుగురికీ అటూ ఇటుగా అంతే. ఋత్విక్ తప్పు చెబితే "మళ్ళీ ఆలోచించు" అన్నాను. కేస్లీని ముప్ఫై నాలుగుసార్లు అడిగాను. ముప్ఫై ఒక్కసార్లు "పర్లేదమ్మా, కూర్చో" అన్నాను.

ఆ మాట నాకు గుర్తుంది. ఆ మాట అన్నప్పుడల్లా నేను మంచిదాన్నని అనుకునేదాన్ని. తెలుగు సరిగా రాని పిల్లను అందరిముందూ నిలబెట్టకూడదని చూశాను. పలక అది అలాగే నేర్చుకుంది. ఏడు నెలలు ఆ పిల్లను పర్లేదమ్మా కూర్చో అని కూర్చోబెట్టింది.

రుఖ్సానా పెట్టె సర్దుకుంటూ ఆగింది. ఇంకోటుంది, చెప్పాలో వద్దో అంది. చెప్పమన్నాను.

నిరుడు బళ్ళను నడిపే మండలి నాకు ఆదర్శ టీచర్ అని బిరుదిచ్చింది. శాలువా కప్పారు. ఆ బిరుదు వచ్చినవాళ్ళ చూపు రోజులను నమూనాగా తీసుకుని, టీచర్లు తక్కువగా ఉన్న బళ్ళకు పంపుతారట. నా ఇరవై రోజులు నలభై రెండు బళ్ళకు వెళ్ళాయి. అక్కడ నేను మొహం కూడా చూడని పిల్లలను, పేరు పలికే తీరును బట్టి, ఉండే చోటును బట్టి, పలకలు ఋత్విక్‌లుగా, కేస్లీలుగా విడదీసుకున్నాయి.

బడి రోజు 162

పెద్ద మాస్టారికి చెప్పాను. ముందు ఆయన్ని అనుమానించానని కూడా చెప్పాను. ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. ఋత్విక్ పేరు ఆ జాబితాలో మొదట ఉంటే తనకూ ఇబ్బందిగానే ఉందని, అందుకే కాగితం తిప్పేశానని అన్నారు.

తర్వాత ఆయన దారి చూపించారు. ఒక్కో బడిలో పదిమంది వరకూ పిల్లల మెట్టును రుఖ్సానా చేత్తో మార్చగలదు. మన ఏడుగురినీ పైకి జరిపిద్దాం. ఎవరికీ చెప్పనక్కరలేదు, బిరుదు పోదు, ఉద్యోగం పోదు. నేను మిగతా నలభై రెండు బళ్ళ సంగతి అడిగాను. అది మండలి చూసుకుంటుందన్నారు.

"నేను చెప్పకపోతే మండలికి ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంకో దారి లోపపత్రం. నా బోధనలోనే తప్పుందని రాసి సంతకం పెట్టాలి. అప్పుడు నా నమూనాను అన్ని బళ్ళ నుంచీ వెనక్కి తీసుకుంటారు. ఇక్కడ కొత్తగా ఇరవై చూపు రోజులు ఇస్తారు. అవి అయ్యాక నన్ను తరగతి నుంచి తీసేస్తారు. లోపపత్రం ఇచ్చిన టీచరు మళ్ళీ బడిలో పాఠం చెప్పకూడదు.

రోజంతా మాస్టారి దారే మంచిదనిపించింది. ఏడుగురు పిల్లలకు మేలు జరుగుతుంది, నేనూ ఉంటాను. నేనుంటే ఇంకెంతమందికో మేలు చేయగలనని నాకు నేనే చెప్పుకున్నాను. పర్లేదమ్మా కూర్చో అన్నప్పుడు కూడా నాకు నేను ఇలాంటిదే చెప్పుకుని ఉంటాను. అందుకే ఆ మాటను నమ్మలేకపోయాను.

బడి రోజు 164

పైతండాకు వెళ్ళాను. కేస్లీ తల్లి చాందీబాయి ఇంటిముందు చిరిగిన వల అల్లుతోంది. భర్త రేకుల పనిలో కొండ అవతల ఉంటాడు. ఇల్లు ఈమే నడుపుతుంది. పీట వేసింది, నీళ్ళిచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను. ఏమీ దాచలేదు. సెకన్ల లెక్క కూడా చెప్పాను.

ఆమె వల అల్లడం ఆపలేదు. 

"తొంభై నాలుగొచ్చిందని తండా అంతా చెప్పుకున్నా టీచరమ్మా."

నేను తల దించుకున్నాను. తన పిల్లంటే నాకు చులకనా అని అడిగింది. కాదన్నాను. తెలుగు రాని పిల్లని జాలిపడ్డానన్నాను.

"జాలిపడ్డారు, సరే. పాఠం ఎందుకు చెప్పలా?"

  లోపపత్రం సంగతి, మాస్టారు చూపించిన దారి సంగతి చెప్పి, ఏం చేయమంటావని అడిగాను. అది నన్ను అడగొద్దండి, తప్పు మీది అంది. నేను లేచి వచ్చేటప్పుడు గుమ్మం పక్కన కేస్లీ నిలబడి ఉంది. అంతా విన్నది. నా వైపు చూడలేదు.

బడి రోజు 165

లోపపత్రం బడి పలకలో రాశాను. "తండా పిల్లలకు నేను పాఠం చెప్పలేదు. వాళ్ళ జవాబు కోసం ఆగలేదు. నా నమూనా వల్ల మిగతా బళ్ళలోనూ పిల్లలు వెనకబడి ఉంటారు." పంపిన ప్రతి తెరిచి చూసుకుంటే, "నా బోధనలో కొన్ని అంశాలు మరింత మెరుగుపడవలసి ఉంది" అని ఉంది. నా సంతకం మాత్రం మార్చలేదు.

ఈ పుస్తకంలోంచే ఒక పేజీ చింపి మళ్ళీ రాశాను. పెద్ద మాస్టారు చదివారు. ఇవ్వొద్దంటారనుకున్నాను. కింద తన సంతకం కూడా పెట్టారు. ఇది తన బడి, ఏడు నెలలుగా పచ్చచుక్కలు తనూ చూస్తూనే ఉన్నానన్నారు. రుఖ్సానా కాగితాన్ని మడిచి పనిముట్ల పెట్టెలో పెట్టుకుని తాడు బండి ఎక్కింది.

బడి రోజు 168

మండలి నుంచి జవాబు వచ్చింది. నమూనా వెనక్కి తీసుకున్నారు. మాతో కలిపి నలభై మూడు బళ్ళలో విభజన 210వ రోజుకు వాయిదా వేశారు. నాకు రేపటి నుంచి ఇరవై రోజులు. ఇవే నా చివరి పాఠాలు.

బడి రోజు 173

ఐదు రోజులయింది. నేను పిల్లలను చూస్తున్నాను, పలకలు నన్ను చూస్తున్నాయి, నన్ను నేను చూసుకుంటున్నాను. ఎవరినైనా ప్రశ్న అడగ్గానే, కావాలని ఆగుతున్నానా, పలక చూస్తోందని ఆగుతున్నానా అన్న అనుమానం. నిజంగా ఆగడానికీ ఆగినట్టు కనిపించడానికీ తేడా పలకకు తెలుస్తుందో లేదో. పిల్లలకు మాత్రం తెలుస్తుంది.

ఈ రోజు కేస్లీని అడిగాను. ఒక వల చిరిగితే వచ్చే మొత్తం నీళ్ళలో మూడో వంతు తగ్గింది. అలాంటివే రెండు చిరిగితే ఎంత తగ్గుతుంది? కేస్లీ లేచి నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. ఋత్విక్ చెయ్యి ఎత్తాడు. నా కళ్ళు అప్పటికే అతని వైపు వెళ్ళిపోయి ఉన్నాయి. నేను తిప్పలేదు, వాటంతట అవే వెళ్ళాయి. వెనక్కి తెచ్చుకున్నాను. పిల్లలు కదలసాగారు. ఎవరో దగ్గారు. నా నోట్లో 'పర్లేదమ్మా' తయారుగా ఉంది.

"ఇంకా అయిపోలా టీచర్," అంది కేస్లీ. "ముందు మా మాటలో అనుకొని, మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోవాల."

సంవత్సరమంతా ఆ పిల్ల ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు మోస్తోంది. నేను దాన్ని రాకపోవడం అనుకున్నాను.

జవాబు తప్పు చెప్పింది. కూర్చోమనలేదు. ఎలా వచ్చిందో చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ సగం దారిలో తనే పట్టుకుంది.

బడి రోజు 188

ఇరవై రోజులు అయిపోయాయి. రుఖ్సానా వచ్చి కొత్త పట్టిక చూపించింది. కేస్లీ కోసం సగటున పద్నాలుగు సెకన్లు. బాగుందంది. నాకు బాగుందనిపించలేదు. లెక్కపెడుతున్నారని తెలిసి ఆగినవి అందులో ఎన్నో ఎవరు చెబుతారు? ఆ మాటే ఆమెతో అన్నాను. పలకకు ఆ సంగతి అక్కర్లేదు, పిల్లకు పాఠం అందితే చాలంది. ఈసారి మేకలు లేవు. బోర్డులో కేస్లీ చుక్క పసుపుగా వెలిగింది. ఆ పసుపును చూసి నేను సంతోషించాను.

రేపటి నుంచి తరగతి చూడటానికి పై బడి నుంచి ఒకామె వస్తుంది. నేను ఆఫీసు గదిలో పాత పలకలు వేరుచేసే పనిలో ఉండాలి.

బడి రోజు 210

విభజన అయింది. ఏడుగురిలో నలుగురు పై బడికి వెళ్తున్నారు. కేస్లీ వెళ్ళడం లేదు. రెండు మెట్లు తక్కువయ్యాయి. అందరికన్నా తెలివైనదని నాకు తెలుసు. కానీ ఏడు నెలల చదువు నలభై రోజుల్లో రాలేదు. మిగతా బళ్ళ నుంచి పేర్లేమీ రాలేదు, ఒక అంకె వచ్చింది. మూడువందల పదకొండు మంది పిల్లల మెట్లు మార్చారట. అందులో ఎంతమంది పై బడికి వెళ్ళారో రాయలేదు. అడుగుతూ ఉత్తరం రాశాను, కాగితం మీదే.

తప్పిన పిల్లలకు బడి తెరిచే ముందు ఇంకో అవకాశం ఉంది, శిఖరం మీద మనుషులే కూర్చుని అడుగుతారు. ఇది మా లోపపత్రం తర్వాత మండలి పెట్టిన కొత్త నియమమని పెద్ద మాస్టారు చెప్పారు. నా సామాను సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. పిల్లలు వలల దగ్గర ఉన్నారు. కేస్లీ చూసింది కానీ రాలేదు.

సెలవుల్లో నాలుగో రోజు

పొద్దున చాందీబాయి మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి, బడిలో చెప్పకూడదన్నారు గానీ తండాలో చెప్పకూడదనలేదు గదా అంది. అవునన్నాను.

"అయితే రండి. మిమ్మల్ని నమ్మి కాదు. నేను పక్కనే కూర్చుంటా."

వెళ్ళాను. ఇంటిముందు నీడలో చాప వేసి ఉంది. కేస్లీ ఒకవైపు, నేను ఒకవైపు. తల్లి మా ఇద్దరి మధ్య వల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక కన్ను వల మీద, ఒక కన్ను నా మీద. పలక లేదు. బొగ్గు, ఒక పాత రేకు ముక్క ఉన్నాయి.

పావులు, అరలు మొదలుపెట్టాను. మొదట కేస్లీ మొహం చూపించలేదు. అడిగినదానికి నేలను చూస్తూ జవాబు చెప్పింది. నేను తొందరపడి రెండు మెట్లు దాటేస్తే చాందీబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. దానికి అర్థం కాలా. మొఖం చూడండి."

చూశాను. నిజమే. వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఈసారి రొట్టె తుంచి చూపించాను. కేస్లీ బొగ్గు తీసుకుని రేకు మీద తనే గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. సగంలో సగం పావు అని, పావులో సగానికి పేరేంటని నన్ను అడిగింది. ఈ ఏడాదిలో తను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. తల ఊపి, వాళ్ళ మాటలో తల్లితో ఏదో అంది.

అర్థమయిందనుకుని ముందుకు వెళ్ళబోయాను. చాందీబాయి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. వల పక్కన పెట్టి, ఆ రేకు ముక్కను తన వైపు తిప్పుకుంది.

"దానికి అర్థమయింది టీచరమ్మా. నాకే కాలా. మళ్ళీ చెప్పండి."